రాత్రంతా ఆరని పీచు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఎవరికో జవాబిస్తూ "గిన్నెలు తోమే స్పాంజిని సింకులో పడేయకండి, ఆరబెట్టండి" అని ఒక్క మాట రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ఎక్కువ భాగం మా విశాఖ నుంచే. సముద్రపు గాలికి ఉప్పు డబ్బా కూడా నీరు కారే ఊరు కాబట్టి ఈ బాధ మనకి బాగా తెలుసు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను.

మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది, మెకానికల్. స్పాంజి కంపు కొడుతోందని మా అమ్మ పది రోజులకోసారి మారుస్తుంది. ప్రాజెక్టు కోసం, తొందరగా మురికి పట్టని గిన్నెల బ్రష్ ఒకటి తయారు చేద్దామనుకుంటున్నాను. త్రీడీ ప్రింటింగ్‌లో రెండు నమూనాలు చేశాను, ఫోటోలు పంపుతున్నాను. ఇది స్పాంజి కంటే శుభ్రమైనదని ఎలా నిరూపించాలి? యాంటీ బాక్టీరియల్ పూత వేస్తే సరిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. – మధురవాడ నుంచి ఒక విద్యార్థి

బాబూ, నీ ఫోటోలు, గీసిన బొమ్మలు చూశాను. లోపలి ఏర్పాటు ఎలా ఉందో ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు ఒక పని చెయ్యి. మీ అమ్మగారు పారేయబోయే స్పాంజి ఒకటి అడిగి తీసుకుని పాత కత్తితో నిలువునా కోసి చూడు. మొన్న నేను మా ఇంట్లోది కోశాను. పైకి మామూలుగానే ఉంది, కాస్త రంగు వెలిసింది, అంతే. లోపలికి వెళ్ళేకొద్దీ బూడిద రంగు. వేలితో నొక్కితే నురగ రాలేదు, జిగటగా ఒక నీరు వచ్చింది. పైన ఉండే ఆకుపచ్చ గరుకు పొరని స్పాంజికి అతికించిన చోట ఒక అన్నం మెతుకు, రెండు ఆవగింజలు, కాస్త కొబ్బరి కోరు ఇరుక్కుని ఉన్నాయి. మా ఇంట్లో కొబ్బరి పచ్చడి చేసి అప్పటికి వారం దాటింది. రాత్రి గట్టిగా పిండి గట్టు మీద పెట్టిన స్పాంజి అది, కోసింది ఉదయం ఏడు గంటలకి, అయినా లోపల తడి అలాగే ఉంది.

తిండి ఉంది, తడి ఉంది, వెచ్చదనానికి మన ఊళ్ళో లోటు లేదు, బాక్టీరియాకి ఇంకేం కావాలి చెప్పు. సబ్బు వాటిని చంపేస్తుందని చాలామంది నమ్మకం. అంట్ల సబ్బు ముఖ్యంగా చేసేది జిడ్డుని వదలగొట్టడం, ఆ జిడ్డుతో పాటు క్రిములు కూడా నీళ్ళలో కొట్టుకుపోతాయి. గిన్నె మీద అది చక్కగా జరుగుతుంది, స్పాంజి లోపల మాత్రం కొట్టుకుపోవడానికి వాటికి దారేది? 2017లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ యూనివర్సిటీ వాళ్ళు ఇళ్ళలో వాడిన 14 స్పాంజీలు తెచ్చి చూస్తే, కొన్నిచోట్ల ఒక ఘన సెంటీమీటరులో, అంటే చిన్న పటికబెల్లం ముక్కంత చోటులో, 5,400 కోట్ల దాకా బాక్టీరియా కనిపించాయి. చదివి ఎవరూ టెన్షన్ పడొద్దు, వాటిలో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏమీ చెయ్యవు. బాగా కనిపించిన వాటిలో మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనేది ఒకటి, వానాకాలంలో సరిగా ఆరని బట్టలు ముక్కిన వాసన కొడతాయే, ఆ వాసన తెచ్చేది అదే. నీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మేం స్పాంజిని తరచూ శుభ్రం చేస్తాం అన్నవాళ్ళ స్పాంజీల్లో కూడా బాక్టీరియా తక్కువేం లేవు.

తర్వాత నార్వేలో నోఫిమా అనే ఆహార పరిశోధన సంస్థ వాళ్ళు స్పాంజినీ బ్రష్‌నీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. సాల్మొనెల్లా అనే క్రిముల్ని ఎక్కించిన బ్రష్‌ని రాత్రంతా ఆరనిస్తే వాటి సంఖ్య బాగా పడిపోయింది. అదే బ్రష్‌ని ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో పెడితే పడిపోలేదు, స్పాంజిలోనూ పడిపోలేదు. ఒకే బ్రష్, ఒకే క్రిమి, ఆరడం ఒక్కటే తేడా. కాబట్టి నీ ప్రాజెక్టు నోట్‌బుక్ మొదటి పేజీలో "ఇది ఎంతసేపట్లో ఆరుతుంది?" అన్న ప్రశ్న రాసుకో. మిగతావన్నీ దాని తర్వాతే.

అయితే నార్వే వంటిల్లు వేరు, మన వంటిల్లు వేరు. అక్కడ రాత్రికి రాత్రి ఆరేది ఇక్కడ ఆగస్టులో, కిటికీ అవతల ఇంకో అపార్ట్‌మెంట్ గోడ ఉన్న వంటింట్లో, తెల్లారినా ఆరకపోవచ్చు. నీ పరీక్ష ఇక్కడే, వానాకాలంలోనే, మీ అమ్మగారి సింకు పక్కనే జరగాలి. ఏసీ ల్యాబ్‌లో రెండు గంటల్లో ఆరిపోయిందని చెబితే నేనైతే ఒప్పుకోను.

ఇక నమూనాల సంగతి. నువ్వు వాడింది పీఎల్ఏ ప్లాస్టిక్ అని రాశావు. చేతిలో పట్టు ఎలా కుదిరిందో చూడ్డానికి అది చాలు. కానీ అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కాగిన నీళ్ళు పోస్తే వంగిపోతుంది. పైగా పొర మీద పొర పోసి చేస్తారు కదా, గోటితో గీరితే టకటకా తగిలే ఆ గీతల సందుల్లో జిడ్డు దాక్కుంటుంది. దాంతో క్రిముల పరీక్ష చేయిస్తే నువ్వు పరీక్షించేది నీ డిజైన్ కాదు, ఆ ప్రింటింగ్ గీతలు. ఆఖరి నమూనాని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లోనో సిలికాన్‌లోనో అచ్చు పోయించు. పాలీప్రొపిలీన్ కరగాలంటే 160 డిగ్రీలు కావాలి కాబట్టి మరిగే నీళ్ళలో వేసి తీసినా ఏం కాదు. సిలికాన్ ఇంకా తొందరగా ఆరుతుంది, కానీ మాడు గీకడానికి దానికి బలం చాలదు.

బజార్లో దొరికే బ్రష్‌లలో ఎక్కువ వాటికి కుచ్చుని మధ్యకి మడిచి, చిన్న రంధ్రంలోకి దూర్చి, సన్నటి లోహపు ముక్కతో బిగిస్తారు. పూర్ణా మార్కెట్లో కొన్న అలాంటి బ్రష్‌ని ఏడాది వాడాక ప్లయర్‌తో ఒక్కో కుచ్చూ పీకి చూశాను. పైకి తెల్లగానే ఉన్న కుచ్చు మొదట్లో నల్లగా ఉంది. రంధ్రంలోంచి తుప్పు రంగు నీటిబొట్టు ఒకటి వచ్చింది. బ్రష్ చూడ్డానికి ఆరినట్టే ఉండేది, ఆ రంధ్రం మాత్రం ఏడాది పాటు ఎప్పుడూ ఆరలేదన్నమాట. నీ రెండో నమూనాలో కుచ్చులు ఇలాగే ఉన్నాయి, మార్చు. పోచలూ మొండెమూ ఒకే అచ్చులో పోసినట్టుంటే ఆ సందే ఉండదు. పిడికీ తలకీ మధ్య అతుకు వద్దు. మూలలన్నీ వేలు తిరిగేంత గుండ్రంగా ఉండాలి. వేలాడదీయడానికి కన్నం ఉండాలి, అదీ పిడి చివర్న, తల కిందికి వేలాడి నీళ్ళు పోచల చివర్లకి జారిపోయేలా. ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీల్లో బ్రష్‌లు నీలం రంగువి ఎక్కువగా వాడతారు, ఎందుకంటే నీలం రంగు తిండి దాదాపు ఉండదు కాబట్టి పోచ ఊడి పడితే కంటికి దొరుకుతుంది. మనకి ఇంకో లాభం కూడా ఉంది. తెల్ల పోచలకి పసుపు పట్టుకుంటే ఇక వదలదు, అది మురికి కాకపోయినా ఇంట్లో వాళ్ళు మురికనే అనుకుని పారేస్తారు.

యాంటీ బాక్టీరియల్ పూత వద్దు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ పూతలో ఉపయోగం అంతే అని ఎందుకంటున్నానో లెక్క చూడు. 99.9 శాతం క్రిములు చచ్చాయనే అనుకుందాం. కోటి ఉంటే పదివేలు మిగులుతాయి. అనుకూలంగా ఉన్నచోట ఈ.కోలై లాంటి బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, పదిసార్లు రెట్టింపైతే వెయ్యి రెట్లు దాటుతుంది, అంటే మూడు గంటల ఇరవై నిమిషాల్లో మళ్ళీ కోటి. వంటింట్లో అంత వేగం ఉండకపోవచ్చు, కానీ రాత్రి పొడుగ్గా ఉంటుంది కదా. పూత జిడ్డు కింద కప్పబడిపోతుంది, అరిగిపోతుంది, గిన్నెలకి అంటుకుంటుంది. ఆరడం అరిగిపోయేది కాదు.

ఇప్పుడు పరీక్షలు. మొదటిది తూకం. బ్రష్, స్పాంజి, స్టీల్ పీచు, నీ నమూనా, ఒక్కోటి మూడేసి తీసుకో. ఒక్కటి చూసి చెప్పేది పరీక్ష కాదు. పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు తూకం వెయ్యి, పది నిమిషాలు సబ్బునీళ్ళలో నానబెట్టు, ఇంట్లో వాళ్ళు మామూలుగా ఎలా చేస్తారో అలాగే స్పాంజిని పిండు, బ్రష్‌ని మూడుసార్లు విదిలించు, మళ్ళీ తూకం వేసి సింకు పక్కన పెట్టు. గంటగంటకీ తూచి, మళ్ళీ పొడి బరువుకి ఎప్పుడొచ్చిందో రాసుకో. వంటింటి కాటా ఒక గ్రాము కంటే చిన్న తేడా చూపించదు, నగల దుకాణాల వాళ్ళు వాడే లాంటి చిన్న కాటా కొనుక్కో. అందరూ వదిలేసే పరీక్ష ఇదే, నాకు మాత్రం అన్నిటికంటే నమ్మకం దీని మీదే. ఇదే తూకాన్ని సబ్బు డబ్బాలో పెట్టి కూడా ఒకసారి చెయ్యి. అంట్ల సబ్బు ఉన్న డబ్బాలో అడుగున నీళ్ళు నిలిచి, దాని మీద స్పాంజి కూర్చుని ఉండే ఇళ్ళు ఎన్ని లేవు! అలా పెడితే ఏ పనిముట్టూ ఆరదు, కాబట్టి కొక్కెం కూడా నీ డిజైన్‌లో భాగమే అనుకో.

రెండోది, తోముతుందా లేదా. ఆరిపోయి, గిన్నె తోమలేని బ్రష్ ఎవరికి కావాలి? చిక్కటి గంజిలో కాస్త నూనె, పసుపు కలిపి ప్రతి పళ్ళేనికీ ఒకే కొలత రాసి నాలుగు గంటలు ఎండనివ్వు. ఇరవైసార్లు రుద్ది బాగా కడిగెయ్యి. తర్వాత దెబ్బలకి రాసే పోవిడోన్ అయోడిన్‌ని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి ఆ పళ్ళెం మీద చల్లు. గంజి ఎక్కడ మిగిలిందో అక్కడ నీలి నలుపు మచ్చలు తేలతాయి. కంటికి తళతళా మెరిసే పళ్ళెం మీద ఆ మచ్చలు చూస్తే ఆశ్చర్యపోతావు. పళ్ళెంతో ఆపకు, ఇడ్లీ రేకుల గుంటలు, కుక్కర్ మూత గాడి, కాఫీ ఫిల్టర్ చిల్లులు, గ్లాసు అడుగు కూడా చెయ్యి. బ్రష్‌లు ఓడిపోయేది అక్కడే.

మూడోది క్రిముల లెక్క, ఇది ఇంట్లో చెయ్యకు. ఇంటర్నెట్లో చూసి అగార్ ప్లేట్లు తెప్పించుకుని ఇంట్లో క్రిములు పెంచడం ప్రమాదం, ఏం పెరుగుతుందో తెలియదు, పారేయడం తెలియదు. ఊళ్ళో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, మైక్రోబయాలజీ చదివే పిల్లలున్నారు, మీ సార్ చేత మాట్లాడించి కలిసి చేయండి. ఇళ్ళలో రెండు వారాలు నిజంగా వాడిన వాటిని తీసుకెళ్ళాలి. ఒక్కోదాన్నీ శుద్ధి చేసిన సంచిలో కొలిచిన ఉప్పునీళ్ళతో వేసి కుదిపి, ఆ నీళ్ళని పదేసి వంతులు పలచన చేసుకుంటూ పోయి, ప్లేట్ల మీద వేసి, పెరిగిన చుక్కలు లెక్కపెడతారు. ఏది స్పాంజిలోదో ఏది నీ బ్రష్‌లోదో లెక్కపెట్టే వాళ్ళకి చెప్పకు, నంబర్లు మాత్రం వెయ్యి. మన వస్తువు మీద మనకి ప్రేమ ఉంటుంది, కళ్ళు అటే లాగుతాయి.

నాలుగో పరీక్ష ఉంది, అది కంచరపాలెం ఉత్తరానికి జవాబులో రాశాను, తప్పకుండా చదువు.

బొమ్మలు ఎందుకు వెయ్యలేదంటే, పేటెంట్ కావాలనుకుంటే దరఖాస్తు పెట్టకముందే పత్రికలో అచ్చయితే కొత్తదనం పోయిందంటారు. ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు పెడితే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. కేవలం ఆకారానికి రక్షణ చాలనుకుంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, పదేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళు పొడిగింపు. అది పెట్టాక చెప్పు, బొమ్మలతో సహా వేద్దాం.

కొత్తది వచ్చేదాకా మా ఇంట్లో స్పాంజీలే కదా. మైక్రోవేవ్‌లో పెడితే క్రిములు చస్తాయంటారు, నిజమేనా? బ్లీచింగ్‌లో నానబెట్టనా? – అక్కయ్యపాలెం నుంచి ఒక గృహిణి

నిజమేనమ్మా. 2007లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు చేసిన పరీక్షలో, తడి స్పాంజిని ఒక నిమిషం మైక్రోవేవ్‌లో ఉంచితే దాదాపు అన్నీ చచ్చాయి, మూడు నిమిషాలు బ్లీచ్‌లో నానబెట్టిన వాటిలో మాత్రం చాలా మిగిలాయి. స్పాంజి బాగా తడిగా ఉండాలి, పొడిది పెడితే అంటుకుంటుంది. స్టీల్ పీచు, తీగ కలిసినవి అసలు పెట్టకూడదు. తీశాక కాసేపు ఆగండి, ఆ నీళ్ళు చెయ్యి బొబ్బలెక్కిస్తాయి. మైక్రోవేవ్ లేకపోతే పాత గిన్నెలో ఐదు నిమిషాలు మరగబెట్టండి, అదే పని అవుతుంది. ఏది చేసినా ఆ తర్వాత ఆరకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

బ్లీచ్‌తో చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఏదీ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న వంటింట్లో ఊపిరాడదు.

మార్చడం సంగతంటారా, వాసన మొదలయ్యేదాకా ఆగొద్దు. జర్మనీ వాళ్ళు వారానికోసారి మార్చమన్నారు. అంత కుదరదంటే పచ్చి చేప, చికెన్ గిన్నెలకి వాడినదాన్ని మాత్రం వెంటనే మరగబెట్టండి, లేదా వాటికి వేరేది పెట్టుకోండి.

మా చిన్నతనంలో పెరట్లో బూడిద, చింతపండు, కొబ్బరి పీచుతో తోమేవాళ్ళు. ఏ జబ్బులూ రాలేదు. మళ్ళీ అవే వాడితే ఈ గొడవంతా ఉండదు కదా? – ఉక్కునగరం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

అయ్యా, మీరు చెప్పిన వాటిలో ప్రతిదానికీ కారణం ఉంది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, క్షారం కాబట్టి నూనె జిడ్డుని సబ్బులా మార్చి వదిలిస్తుంది. చింతపండు పులుపు ఇత్తడి, రాగి చిలుముని తీసేస్తుంది, చేపల నీచు వాసనని కూడా విరుస్తుంది, ఎందుకంటే ఆ వాసన వేసే అమైన్లు పులుపు తగిలితే గాల్లోకి లేవలేవు. హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2014 అక్టోబరులో, కరెంటు లేక మోటార్లు ఆడక ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడ్డ రోజుల్లో మా వీధిలో చాలా ఇళ్ళలో మళ్ళీ బూడిదే బయటికి తీశారు, రెండు చెంబుల నీళ్ళతో గిన్నె పూర్తయ్యేది.

జబ్బులు రాలేదన్నదాంతో మాత్రం ఒప్పుకోలేను. విరేచనాలు, టైఫాయిడ్ ఆ రోజుల్లో ఇంటింటా ఉండేవి, గిన్నెల వల్లో నీళ్ళ వల్లో ఎవరూ లెక్క తీయలేదు, అంతే. ఆ కొబ్బరి పీచు ఎందుకు శుభ్రంగా ఉండేదో గుర్తు చేసుకోండి. కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా కొత్త పీచు, రెండు మూడు రోజులు వాడి పారేసేవాళ్ళు, ఈలోగా పెరట్లో ఎండలో పడి ఉండేది. అదే పీచుని ఇప్పుడు ఫ్లాట్‌లో ఎండ తగలని సింకు గట్టు మీద నెల రోజులు ఉంచితే స్పాంజికీ దానికీ తేడా ఉండదు. నేతిబీర పీచు కూడా అంతే, కొత్తగా ఉన్నప్పుడు గరగరలాడుతూ బాగుంటుంది, పైగా మట్టిలో కలిసిపోతుంది, కానీ లోపలి వలంతా నీళ్ళు పట్టి ఉంచుతుంది. పీచుని అరచేతి మందంలో బిళ్ళలుగా కోసుకుని, రోజుకొకటి వాడి, మిగతావి బాల్కనీలో ఎండలో ఆరేయండి. బూడిద మాత్రం శుభ్రమైన కట్టెలదైతేనే. రంగులేసిన చెక్క, చెత్త, ప్లాస్టిక్ కాల్చిన బూడిద గిన్నెలకి తగలనివ్వకండి.

ఏటికొప్పాక పనివాళ్ళ చేత గిన్నెల బ్రష్‌లకి లక్క పూసిన పిడులు చేయించి అమ్మాలని మా స్వయం సహాయక సంఘం ఆలోచన. ప్లాస్టిక్ తగ్గుతుంది, వాళ్ళకి పని దొరుకుతుంది. మీ అభిప్రాయం? – సీతమ్మధార

మీ ఉద్దేశం మంచిది, వస్తువే సరిపడదు. లక్కని తిరుగుతున్న కర్రకి ఒత్తి, ఆ రాపిడి వేడికి కరిగించి పూస్తారు. వేడికి అంటుకున్నది వేడికే మెత్తబడుతుంది కదమ్మా, రోజూ వేడినీళ్ళు, సబ్బు క్షారం తగిలితే పొర లేచిపోతుంది. వాళ్ళు వాడే అంకుడు కర్ర మెత్తని కర్ర, చెక్కడానికి వీలుగా ఉంటుంది గానీ నీళ్ళలో నానితే ఉబ్బుతుంది, బ్రష్ తల దిగిన చోట చీలుతుంది, ఆ చీలికలో నల్లగా బూజు పడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పనితనం అది, మూడు నెలల్లో బూజు పట్టే వస్తువు మీద ఆ పేరు వేయడం నాకిష్టం లేదు.

కొక్కేలు చేయించండి. సింకు పైన గోడకి బిగించుకునే మూడు కొయ్యల పట్టీ, ఒకటి గాజు గ్లాసుల బ్రష్‌కి, ఒకటి గిన్నెల పీచుకి, ఒకటి నీచు గిన్నెల దానికి, మూడు రంగుల లక్కతో. గోడ మీద ఉంటుంది కాబట్టి వేడినీళ్ళు తగలవు. రంగు చూసి ఏది దేనిదో పిల్లలకి కూడా తెలుస్తుంది. ఇదైతే నేనే మొదట కొంటాను.

అమ్మా, నేను నాలుగిళ్ళలో గిన్నెలు తోముతాను. మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. ఒక్కో ఇంట్లో ఒక్కో పీచు ఇస్తారు, చిరిగి ముక్కలయ్యేదాకా అదే. నా వేళ్ళ సందులు ఒరిసిపోయాయి, బొటనవేలికి గోరుచుట్టు వచ్చి తగ్గదు. ఒక ఇంటి అమ్మగారు పొడుగు పిడి బ్రష్ కొనిచ్చారు, దాంతో తోమలేకపోతున్నానంటే నాకు అలవాటు లేదంటున్నారు. – కంచరపాలెం

అమ్మా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీదే. ముందు చేతుల సంగతి. గంటల తరబడి సబ్బు నీళ్ళలో నానితే చర్మం మీద ఉండే నూనె పొర పోతుంది, గోటి చుట్టూ చర్మం లేచి సందు ఏర్పడుతుంది, అందులోకి ఫంగస్ చేరితే గోరుచుట్టు నెలల తరబడి ఉంటుంది. పసుపు, సున్నం పెట్టి ఊరుకోకండి. కేజీహెచ్ ఆసుపత్రిలో చర్మ వైద్యులకి చూపించండి. ఒక ఇంట్లో పని ముగించి ఇంకో ఇంటికి వెళ్ళేటప్పుడల్లా వేళ్ళ సందులు పొడి గుడ్డతో తుడుచుకోండి, రాత్రి కొబ్బరి నూనె రాసుకోండి. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే లోపల పలుచటి నూలు గ్లౌజు కూడా ఉండాలి, లేకపోతే చెమటకి ఇంకా ఒరుస్తుంది. స్టీల్ పీచు తెగిన ముక్కలు వేలికి గుచ్చుకుంటే పుండవుతుంది, అవే ముక్కలు తినే కంచంలోకి కూడా వెళతాయి. అందుకని రాలిపోతున్న పీచుతో తోమించుకునే ఇంటివాళ్ళకి ఇక్కడి నుంచే చెబుతున్నాను, అది మీ పిల్లల అన్నంలోకే వస్తోంది, కొత్తది తెప్పించండి.

బ్రష్ విషయంలో తప్పు మీది కాదు. ఆ పొడుగు పిడి సింకు దగ్గర నిలబడి, వేడి నీటి కుళాయి కింద పళ్ళాలు కడిగేవాళ్ళ కోసం చేసింది. మీరు కింద కూర్చునో వంగో ఎడమచేత్తో గిన్నె తిప్పుతూ కుడి అరచేత్తో అదిమి తోముతారు. మాడిన పాలగిన్నె అడుగుకి అరచేతి బలం కావాలి, పొడుగు పిడి పట్టుకుంటే ఆ బలమంతా మణికట్టు మీద పడి నొప్పి చేస్తుంది. అరచేతిలో ఇమిడే గుండ్రటి బ్రష్, పైన నాలుగు వేళ్ళు దూరే పట్టీ ఉన్నది మీకు నప్పుతుంది. దాంతో వేళ్ళు సబ్బు నీళ్ళలో మునగడం కూడా తగ్గుతుంది.

మధురవాడ బాబూ, నేను పైన చెప్పిన నాలుగో పరీక్ష ఇదే. మీ అమ్మగారు రోజుకి ఒక ఇంటి గిన్నెలు తోముతారు, ఈవిడ నాలుగిళ్ళవి తోముతారు. రెండు వారాల్లో నీ బ్రష్‌లో ఏది విరుగుతుందో, ఏ గిన్నె దగ్గర దాన్ని పక్కన పెట్టి మళ్ళీ పాత పీచు తీసుకుంటారో ఈవిడకే తెలుస్తుంది. ఆ "మళ్ళీ పాత పీచు తీసుకున్న" సందర్భాలే నీ డిజైన్‌లో లోపాలు. ఊరికే అడగొద్దు, ఆ రెండు వారాల శ్రమకి డబ్బు ఇవ్వాలి, రిపోర్టులో ఆవిడ పని గురించి రాయాలి.

అమ్మా, మీకు ఇష్టమైతే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టమని మీ అమ్మాయికి చెప్పండి. ఏ రోజు ఏ గిన్నెకి బ్రష్ పనికిరాలేదో, సాయంత్రం తాకి చూస్తే ఎక్కడ తడిగా ఉందో ఒక్క ముక్క రాస్తే చాలు. మీ ఇద్దరి చిరునామాలూ నా దగ్గర ఉన్నాయి, ఇద్దరూ సరేనంటేనే ఒకరిది ఒకరికి ఇస్తాను. ఈలోగా ఆ బాబు రెండో నమూనాకి కుచ్చులు మార్చి, పట్టీ పెట్టి తెస్తే ముందు మా ఇంట్లో వారం రోజులు తోమి, తూచి, ఆ తర్వాత మీకు పంపుతాను.